సిస్టమ్స్ ఇంజినీరింగ్ కోర్సుకు వెళ్లేవారికి: ఎంపిక, ఏర్పాట్లు, క్లాసు, ఆ తర్వాతి పని

సిస్టమ్స్ ఇంజినీరింగ్‌లో ఉద్యోగులకు ఇచ్చే శిక్షణ కోర్సులు చాలావరకు రెండు నుంచి ఐదు రోజుల్లో అయిపోతాయి. ఒక వ్యవస్థ ఆలోచన పుట్టిన దగ్గర్నుంచి దాన్ని వాడకం నుంచి తీసేసేదాకా చూసుకునే శాస్త్రాన్ని అంత తక్కువ సమయంలో ఎవరూ పూర్తిగా నేర్పలేరు. అయినా ఒకే క్లాసులో కూర్చున్న ఇద్దరిలో ఒకరు పని తీరు మార్చుకుని వస్తారు, ఇంకొకరు స్లైడ్ల ఫైలుతో వస్తారు. తేడా తెలివితేటల్లో లేదు. మొదటి వ్యక్తి తన ప్రాజెక్టులో నిజంగా ఇబ్బంది పెడుతున్న ఒక సమస్యను వెంట తీసుకెళ్లి, చెప్పిన ప్రతి పద్ధతినీ దాని మీద పెట్టి చూసుకుంటారు. ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ దాని కోసమే.

మొదటి అడుగు: మీ సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

కోర్సుల జాబితా తెరవకముందే ఈ పని చేయండి. "సిస్టమ్స్ ఇంజినీరింగ్ నేర్చుకోవాలి" అని రాస్తే లాభం లేదు. మీ టీమ్‌లో పోయిన ఆరు నెలల్లో ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చిందో గుర్తు చేసుకోండి. "భాగాలన్నీ విడిగా టెస్ట్ పాసవుతున్నాయి, కలిపితే పనిచేయడం లేదు." "డెలివరీ రోజున కస్టమర్ తను అడిగింది ఇది కాదంటున్నారు." "ఒక చిన్న మార్పు ఎక్కడెక్కడ తగులుతుందో చెప్పడానికి మాకు వారం పడుతోంది." వాక్యాలు ఇలా ఉండాలి.

ఇలా రాసుకుంటే సమస్య ఏ రకానికి చెందిందో తెలుస్తుంది. ఈ కోర్సుల్లో తరచూ చెప్పే రెండు ప్రమాదాలను చూడండి. 1999లో నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గరికి చేరి నాశనమైంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ప్రభావాన్ని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇస్తే, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకన్లు అనుకుని లెక్కలు వేసింది. ఇది రెండు భాగాలు కలిసే చోట, అంటే ఇంటర్‌ఫేస్ దగ్గర వచ్చిన సమస్య. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో 40 సెకన్లు కూడా గడవకముందే దారి తప్పి పేలిపోయింది. ఏరియాన్ 4లో బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్‌ను అలాగే తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్ గమనంలో వచ్చిన ఒక 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టలేదు. పాత ఊహలు కొత్త పరిస్థితికి సరిపోతాయా అని సరిచూడకపోవడం ఇక్కడి సమస్య. మొదటి రకం బాధ ఉన్నవారికి ఇంటర్‌ఫేస్‌లు, ఇంటిగ్రేషన్ (భాగాలను కలిపి పనిచేయించడం) గట్టిగా చెప్పే కోర్సు కావాలి. రెండో రకానికి రిక్వైర్‌మెంట్లు (వ్యవస్థ ఏం చేయాలో చెప్పే వాక్యాలు), వెరిఫికేషన్ (వాటిని అది తీరుస్తోందా అని సరిచూడటం) మీద దృష్టి పెట్టే కోర్సు కావాలి.

ప్రమోషన్ కోసమో, కాంట్రాక్టులో అడిగారనో సర్టిఫికేషన్ కావాలంటే అది కూడా సరైన కారణమే. దాన్నీ అలాగే రాసుకోండి. ఎందుకంటే ఆ దారి వేరు.

రెండో అడుగు: ఏ రకం కోర్సు

మౌలిక కోర్సులు ఎక్కువగా ఐఎస్ఓ/ఐఈసీ/ఐఈఈఈ 15288 ప్రమాణం చుట్టూ తిరుగుతాయి. 2002లో మొదలైన ఈ ప్రమాణానికి 2023లో తాజా కూర్పు వచ్చింది. ఒప్పందాలు, సంస్థాగత ఏర్పాట్లు, సాంకేతిక నిర్వహణ, సాంకేతిక పనులు అనే నాలుగు గుంపుల్లో మొత్తం 30 ప్రాసెస్‌లు (పని విధానాలు) ఇందులో ఉన్నాయి. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ లాంటి ఒకే రంగంలో పనిచేసి ఇప్పుడు మొత్తం వ్యవస్థ బాధ్యత తీసుకుంటున్నవారికి ఈ కోర్సు మంచిది. అయితే 30 ప్రాసెస్‌లనూ వరసగా చదువుకుంటూ పోయే కోర్సు అలసట తప్ప ఏమీ మిగల్చదు. ఒకే ఉదాహరణ వ్యవస్థను మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నడిపించే కోర్సును వెతకండి.

ఒకే ఒక్క కోర్సుకు అవకాశం ఉంటే దేనికి వెళ్లాలని ఎవరైనా అడిగితే నేను రిక్వైర్‌మెంట్స్ కోర్సు పేరే చెబుతాను. ఆర్కిటెక్చర్ (వ్యవస్థ నిర్మాణం), టెస్టింగ్, కాంట్రాక్టు, ఖర్చు అన్నీ దాని మీదే నిలబడతాయి. పైగా నేర్చుకున్నదాన్ని మర్నాటి నుంచే వాడొచ్చు, ఎవరి అనుమతీ, కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఆసుపత్రుల్లో మందును నిర్ణీత వేగంతో ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపునే తీసుకోండి. "ట్యూబ్ మూసుకుపోతే పంపు వెంటనే అలారం ఇవ్వాలి" అన్న వాక్యం చూడటానికి బాగానే ఉంది. వెంటనే అంటే ఎంతసేపు? మందు నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ట్యూబ్‌లో ఒత్తిడి పెరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి ఏ వేగం దగ్గర ఎన్ని నిమిషాల్లో అన్నది రాయాలి. అలారం ఎంత దూరం వినిపించాలి, దాన్ని ఆపేశాక మళ్లీ ఎప్పుడు మోగాలి, ఇదంతా తనిఖీతో తేల్చాలా, లెక్కలతోనా, చేసి చూపించా, టెస్ట్‌తోనా? మంచి రిక్వైర్‌మెంట్స్ కోర్సు ఈ ప్రశ్నలు మీ అంతట మీకే తట్టేలా చేస్తుంది.

వ్యవస్థ వివరాలను విడి పత్రాలకు బదులు ఒక మోడల్‌లో పెట్టుకుని పనిచేసే మోడల్ ఆధారిత సిస్టమ్స్ ఇంజినీరింగ్, అంటే ఎంబీఎస్ఈ కోర్సుల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు శిక్షణలు అమ్ముతుంటారు. ఒకటి భాష: సిస్‌ఎంఎల్ లాంటి భాషలో బొమ్మలు, వాటి అర్థాలు. రెండోది పద్ధతి: ఏ ప్రశ్నతో మొదలుపెట్టి ఏ వరసలో మోడల్ కట్టాలి. మూడోది టూల్: క్యామియో, రాప్సొడీ, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్, క్యాపెల్లా లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుంది. టూల్ కోర్సుకు మాత్రమే వెళ్లినవారు అందమైన బొమ్మలు గీయగలుగుతారు గానీ, ఆ బొమ్మ ఏ ప్రశ్నకు జవాబో చెప్పలేక ఇబ్బంది పడతారు. ముందు పద్ధతి, దానికి కావాల్సినంత భాష, చివర్లో టూల్ అనే వరస మంచిది. క్యాపెల్లా ఓపెన్ సోర్స్ టూల్ కాబట్టి లైసెన్స్ లేకుండానే ఇంట్లో సాధన చేయొచ్చు. అది ఆర్కేడియా అనే ప్రత్యేక మోడలింగ్ పద్ధతిని నడిపించడానికే తయారైంది, అందుకని సిస్‌ఎంఎల్ నేర్చుకోవాలనుకునేవారికి అది నేరు దారి కాదు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: సిస్‌ఎంఎల్ ఏ వెర్షన్? మొదటి వెర్షన్ యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌కు వాడే బొమ్మల భాష) మీద కట్టిన తొమ్మిది రకాల డయాగ్రమ్‌ల భాష. రెండో వెర్షన్‌ను కొత్త పునాది మీద నిర్మించారు. అందులో మోడల్‌ను బొమ్మగానూ, కోడ్‌లా అక్షరాల్లోనూ రాయొచ్చు. మీ సంస్థ ఇంకా మొదటి వెర్షన్ మోడళ్లతోనే నడుస్తుంటే, రెండో వెర్షన్ మాత్రమే చెప్పే కోర్సు మీకు రేపటి పనికి ఉపయోగపడదు. కొత్తగా మొదలుపెడుతున్న టీమ్‌కు సరిగ్గా దీనికి తలకిందులు.

సర్టిఫికేషన్ కోసమైతే

కోర్సు చివర ఇచ్చే హాజరు పత్రం వేరు, వృత్తిపరమైన సర్టిఫికేషన్ వేరు. ఈ రంగంలో బాగా పేరున్నది అంతర్జాతీయ సిస్టమ్స్ ఇంజినీరింగ్ మండలి ఇన్‌కోసీ ఇచ్చేది. 1990లో ఎన్‌కోసీ అనే జాతీయ మండలిగా పుట్టిన సంస్థ అది. అక్కడ మూడు మెట్లున్నాయి. ఏఎస్‌ఈపీకి (అసోసియేట్ స్థాయి) అనుభవం అక్కర్లేదు, పరీక్ష చాలు. సీఎస్‌ఈపీకి (సర్టిఫైడ్ స్థాయి) పరీక్షతో పాటు సాంకేతిక డిగ్రీ ఉన్నవారికి కనీసం ఐదేళ్ల సిస్టమ్స్ ఇంజినీరింగ్ అనుభవం, దాన్ని ధ్రువీకరించే వ్యక్తులు కావాలి. డిగ్రీ వేరే రంగంలో ఉంటే అనుభవం ఇంకా ఎక్కువ అడుగుతారు. ఈఎస్‌ఈపీ (ఎక్స్‌పర్ట్ స్థాయి) దశాబ్దాల అనుభవం ఉన్న పెద్దల కోసం.

పరీక్షకు ఆధారం ఇన్‌కోసీ హ్యాండ్‌బుక్. దాని ఐదో కూర్పు 2023లో వచ్చింది. కోర్సు స్లైడ్లు నాలుగో కూర్పు మీదే ఉన్నాయేమో బుక్ చేయకముందే అడగండి. ఫీజులో హ్యాండ్‌బుక్, పరీక్ష రుసుము, సభ్యత్వం కలిసున్నాయా అన్నదీ అడగండి. చాలా చోట్ల ఇవి విడిగా ఉంటాయి.

సీఎస్‌ఈపీ లక్ష్యంగా ఉన్నవారు కోర్సుకు ముందే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది. రిక్వైర్‌మెంట్లు, ఆర్కిటెక్చర్, ఇంటిగ్రేషన్, రిస్క్ నిర్వహణ, కాన్ఫిగరేషన్ నిర్వహణ (వెర్షన్లు, మార్పుల అదుపు) లాంటి విభాగాల వారీగా మీరు ఎప్పుడు, ఏ ప్రాజెక్టులో, స్వయంగా ఏం చేశారో రాసుకోండి. "మేము చేశాం" అని రాస్తే సరిపోదు, మీ చేతి పని కనిపించాలి. ధ్రువీకరించాల్సిన పాత సహోద్యోగులు ఉద్యోగాలు మారిపోయి ఉంటారు, వాళ్లను వెతికి పట్టుకోవడానికే వారాలు పట్టొచ్చు. పరీక్ష కన్నా చాలామందికి ఆలస్యం ఇక్కడే అవుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పరీక్ష కోర్సు పరీక్షకే తయారు చేస్తుంది. హ్యాండ్‌బుక్ పదాలు, ప్రాసెస్‌ల ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు నోటికి వస్తాయి. మీరు మొదట రాసుకున్న సమస్య మాత్రం అలాగే ఉండిపోవచ్చు. రెండు లక్ష్యాలనూ ఒకే కోర్సుతో తీర్చుకోవాలనుకోకండి.

మూడో అడుగు: డబ్బు కట్టేముందు అడగాల్సినవి

శిక్షణ సంస్థకు ఒక ఈమెయిల్ రాయండి. వాళ్లు జవాబిచ్చే తీరులోనే చాలా విషయం తెలిసిపోతుంది. బోధించే వ్యక్తి ఏ రంగంలో, ఏ పాత్రలో పనిచేశారు? మొత్తం సమయంలో ఎంత భాగం అభ్యాసాలకు? అభ్యాసాల్లో మా సొంత ఉదాహరణ వాడుకోవచ్చా? బ్యాచ్‌లో ఎంతమంది? మూడింట ఒక వంతు సమయం కూడా చేతి పనికి ఇవ్వని కోర్సును నేను ఎంచుకోను. అంతకన్నా పుస్తకం చదువుకోవడం మేలు.

అందరికీ తెరిచిన కోర్సులు తగినంత మంది చేరకపోతే రద్దవుతాయి. ఇది చాలా సాధారణం. కాబట్టి "ఈ తేదీ ఖాయమైందా?" అని అడిగి, రాతపూర్వకంగా ఖాయం చేశాకే ప్రయాణ టికెట్లు కొనండి. ముందే కొనక తప్పకపోతే డబ్బు వాపసు వచ్చే టికెట్ తీసుకోండి. మీరే రద్దు చేసుకుంటే ఎన్ని రోజుల ముందు దాకా డబ్బు తిరిగిస్తారు, మీ బదులు సహోద్యోగిని పంపొచ్చా అన్నవి కూడా చూడండి. ప్రాజెక్టుల్లో అత్యవసరాలు ఎప్పుడొస్తాయో చెప్పలేం, అందుకే మనిషిని మార్చుకునే వెసులుబాటు చాలా విలువైంది.

వేరే దేశంలో కోర్సైతే వీసాకు కావాల్సిన ఆహ్వాన లేఖ సంస్థ ఇస్తుందా అని మొదటి ఈమెయిల్‌లోనే అడగండి. రక్షణ, అంతరిక్ష రంగాలకు సంబంధించిన కొన్ని కోర్సులకు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరసత్వ పరిమితులుంటాయి. ఫీజు కట్టాక తెలిస్తే బాధే మిగులుతుంది.

టీమ్ నుంచి చాలామంది వెళ్లాల్సి ఉంటే బోధకుడినే మీ సంస్థకు రప్పించడం గురించి ఆలోచించండి. అందరూ ఒకే భాష మాట్లాడటం మొదలుపెడతారు, మీ ప్రాజెక్టు వివరాలు బయటికి పోకుండా చర్చించొచ్చు. బయటి కోర్సులో దొరికేది వేరు: రైల్వే, వైద్య పరికరాలు, విమానాలు, కార్ల రంగాల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మీ రంగంలో అసాధ్యమనుకున్నది పక్క రంగంలో రోజువారీ పని అని అక్కడే తెలుస్తుంది.

నాలుగో అడుగు: రెండు వారాల ముందు నుంచి

మేనేజర్‌తో మాట్లాడి ఆ రోజుల్లో మీ పని ఎవరు చూస్తారో పేరుతో సహా తేల్చుకోండి. "మధ్యమధ్యలో మెయిల్స్ చూస్తాను" అనే ఒప్పందం వద్దు. ఒక అభ్యాసంలో అరగంట ఫోన్ మాట్లాడి వస్తే ఆ తర్వాతి గంట కూడా పోయినట్టే, ఎందుకంటే ప్రతి అభ్యాసం ముందుదాని ఫలితం మీదే నడుస్తుంది.

చదవడానికి ఉచితంగా మంచి సరుకు ఉంది. సెబాక్ అనే ఆన్‌లైన్ విజ్ఞాన భాండాగారం సిస్టమ్స్ ఇంజినీరింగ్‌లో దేన్ని గురించైనా పరిచయం ఇస్తుంది. 2016లో వచ్చిన నాసా సిస్టమ్స్ ఇంజినీరింగ్ హ్యాండ్‌బుక్ రెండో సవరణ కూడా ఉచిత పీడీఎఫ్. మొత్తం చదవక్కర్లేదు. మీ సమస్యకు దగ్గరి అధ్యాయం ఒకటి చదివి, అర్థం కాని చోట గుర్తు పెట్టుకోండి.

అంతకన్నా ముఖ్యమైన తయారీ మీ సొంత వ్యవస్థ మీద. ఒక కాగితం మీద మీ వ్యవస్థను ఒక పెట్టెగా గీసి, దాని బయట ఎవరెవరు, ఏమేమి ఉన్నాయో, వాటి మధ్య ఏం వస్తోందో ఏం పోతోందో గీతలతో చూపించండి. ఇంకో కాగితం మీద మీ ప్రాజెక్టులోని పది రిక్వైర్‌మెంట్లు ఉన్నవి ఉన్నట్టు రాయండి, బాగా రాసినవే ఏరుకోకండి. ఇక్కడ గోప్యత విషయంలో జాగ్రత్త అవసరం. కస్టమర్ పేరు, అసలు అంకెలు, ఉత్పత్తి పేరు తీసేయండి. కావాలంటే వ్యవస్థనే మార్చి, సమస్య ఆకారాన్ని మాత్రం ఉంచండి. ఏది చూపించొచ్చో మీ సంస్థలో ముందే అడిగి తెలుసుకోండి.

ఆన్‌లైన్ కోర్సైతే సాంకేతిక ఏర్పాట్లు ఒక వారం ముందే సరిచూసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి అనుమతులుండవు, ఫైర్‌వాల్ వీడియో కాల్‌నో లైసెన్స్ సర్వర్‌నో ఆపేస్తుంది. ఇది మొదటి రోజు ఉదయం తెలిస్తే రోజంతా టెన్షన్. ట్రయల్ లైసెన్స్ ఇస్తుంటే దాని గడువు కోర్సు చివరి రోజు దాటి కనీసం కొన్ని రోజులుండేలా చూసుకుని, అప్పుడే మొదలుపెట్టండి. రెండు స్క్రీన్‌లుంటే ఒకదాని మీద బోధకుడు, ఒకదాని మీద మీ మోడల్ ఉంటాయి, ఒకే స్క్రీన్‌తో టూల్ కోర్సు చేయడం నిజంగా కష్టం. వేరే టైమ్ జోన్‌లో జరిగే క్లాసైతే గంటల తేడాను, వేసవి కాలమాన మార్పుతో సహా, లెక్క కట్టుకోండి. రాత్రి వేళ క్లాసులు ఉంటే పగలు మామూలుగా ఆఫీసు పని చేసి రాత్రి కూర్చోవద్దు, రెండూ పాడవుతాయి.

ఐదో అడుగు: క్లాసులో

మొదటి గంటలో పరిచయాలు ఉంటాయి. మీ హోదా, ఎన్నేళ్ల అనుభవం అన్నవి క్లుప్తంగా చెప్పి, మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యాన్ని చదవండి. మంచి బోధకులు దాన్ని గుర్తు పెట్టుకుని, సందర్భం వచ్చినప్పుడు మీ వైపు తిరుగుతారు. అదే సమస్య ఉన్న ఇంకొకరు విరామంలో మీ దగ్గరికి వస్తారు.

గ్రూప్ అభ్యాసాల్లో మీకు బాగా వచ్చిన పాత్ర తీసుకోకండి. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ వైపే నిలబడితే కోర్సుకు వచ్చిన ప్రయోజనం తగ్గుతుంది. కస్టమర్ పాత్రో, ఆ వ్యవస్థను ఇరవై ఏళ్లు బాగుచేస్తూ నడిపే మెయింటెనెన్స్ మనిషి పాత్రో అడిగి తీసుకోండి. రిక్వైర్‌మెంట్లలో వదిలేసినవన్నీ ఆ కుర్చీలోంచి కనిపిస్తాయి. గ్రూప్‌లో గట్టిగా మాట్లాడేవారు ఒక డిజైన్‌ను మొదటి పది నిమిషాల్లోనే ఖాయం చేసేస్తుంటారు. అప్పుడు "మనం ఇంకా పోల్చి చూడలేదు కదా, ఏ ప్రమాణాల మీద ఎంచుకుంటున్నాం?" అని మర్యాదగా అడగండి. ట్రేడ్ స్టడీ, అంటే ప్రత్యామ్నాయాలను ప్రమాణాల మీద పోల్చి ఎంచుకోవడం, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి క్షణం దొరకదు.

బోధకుడిని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "ఐదుగురున్న టీమ్‌కు, ఆరు నెలల ప్రాజెక్టుకు ఇందులో ఏది ఉంచుతారు, ఏది తీసేస్తారు?" ప్రాజెక్టుకు తగ్గట్టు ప్రాసెస్‌లను కుదించుకోవడాన్ని 15288 ప్రమాణమే ఒప్పుకుంటుంది, దానికి విడిగా అనుబంధం కూడా ఉంది. కోర్సు ఉదాహరణలు మాత్రం తరచూ ఉపగ్రహాలు, విమానాల స్థాయిలో ఉంటాయి. ఈ ప్రశ్న అడగకుండా వచ్చినవారు ఆఫీసులో "ఇవన్నీ పెద్ద సంస్థలకే" అన్న మాట దగ్గర ఆగిపోతారు.

స్లైడ్లు ఎలాగూ ఇస్తారు, వాటిని తిరిగి రాసుకోకండి. ఏ రోజుకారోజు సాయంత్రం, అలసిపోయినా సరే, మీరు తెచ్చుకున్న రెండు కాగితాలు తీసి దిద్దండి. ఆ రోజు నేర్చుకున్నదాని వల్ల పెట్టె బొమ్మలో ఏ గీత కొత్తగా చేరింది? పది రిక్వైర్‌మెంట్లలో ఏది ఇప్పుడు తప్పుగా కనిపిస్తోంది? దిద్దలేని చోటు మర్నాటి ఉదయం మీరు అడగబోయే ప్రశ్న.

ఆరో అడుగు: తిరిగొచ్చాక

మొదటి వారంలో ఒకే ఒక్క మార్పు చేయండి, అదీ మీ చేతిలో ఉన్నది. దిద్దిన పది రిక్వైర్‌మెంట్లను టీమ్‌కు చూపించి పాతవాటి పక్కన పెట్టడం మంచి ఆరంభం. లేదా గొడవలు ఎక్కువగా వచ్చే ఒక్క ఇంటర్‌ఫేస్‌కు రెండు పేజీల పత్రం రాసి రెండు వైపుల భాగాలకు బాధ్యులైన ఇద్దరినీ ఒప్పించండి: ఏ విలువలు, ఏ యూనిట్లలో, ఎంత తరచుగా, తప్పు వస్తే ఎవరేం చేయాలి. మొత్తం ప్రాసెస్ మార్చేద్దామని ప్రకటిస్తే మొదటి రివ్యూలోనే వ్యతిరేకత వస్తుంది, అది సహజం కూడా. పని సులువైందని ఒక్కచోట కనిపిస్తే మిగతావాళ్లే వచ్చి అడుగుతారు.

సహోద్యోగులకు అరగంట చెప్పండి. కానీ కోర్సు స్లైడ్లను పంచిపెట్టకండి, వాటి మీద హక్కులు శిక్షణ సంస్థవి. మీ సొంత ఉదాహరణతో, మీ సొంత మాటల్లో చెబితే మీకూ విషయం గట్టిపడుతుంది.

పరీక్ష రాయాలనుకుంటే కోర్సు అయిన నెలా రెండు నెలల్లోపు తేదీ పెట్టేసుకోండి. జ్ఞాపకం చల్లారిపోయాక హ్యాండ్‌బుక్ మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వస్తుంది. ఇప్పటికే సీఎస్‌ఈపీ ఉన్నవారు దాన్ని నిలబెట్టుకోవడానికి మూడేళ్లకు 120 వృత్తి వికాస యూనిట్లు చూపించాలి. సాధారణంగా ఒక గంట శిక్షణకు ఒక యూనిట్. అందుకే హాజరు పత్రం మీద మీ పేరు, తేదీలు, గంటలు, విషయం, సంస్థ పేరు స్పష్టంగా ఉన్నాయో లేదో వెళ్లేముందే చూసుకుని, స్కాన్ చేసి, కోర్సు పాఠ్యప్రణాళికతో కలిపి భద్రపరచండి. రెండేళ్ల తర్వాత అడిగితే కొన్ని సంస్థల దగ్గర రికార్డు దొరకదు.

వెంటనే తర్వాతి కోర్సు బుక్ చేయాలన్న ఉత్సాహం వస్తుంది. కొన్ని నెలలు ఆగి, నేర్చుకున్నదాన్ని ప్రాజెక్టులో వాడి, అప్పుడు కొత్తగా ఎదురైన ఇబ్బందిని మళ్లీ ఒక వాక్యంగా రాయండి. ఎంబీఎస్ఈ టూల్ కోర్సులకు ఇది మరీ ముఖ్యం. మోడల్‌లో ఏ ప్రశ్నకు జవాబు కావాలో తెలియకముందే లైసెన్స్ కొన్న టీమ్‌లలో ఆ టూల్‌ను ఒకరిద్దరు మాత్రమే తెరుస్తుంటారు, మిగతా పనంతా ఎప్పట్లాగే ఎక్సెల్‌లో నడుస్తుంటుంది.